హజామ్ ఏ వైపు కూర్చోవాలి?

2025 ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సాయంత్రం శాలిబండలోని ఒక ఇరానీ హోటల్లో టీవీ ముందు కూర్చున్నాను. రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే అంకెలను బయటపెట్టిన రోజులవి. తెర మీద ఒక పక్క బీసీ సంఘం నాయకుడు, మరో పక్క ఒక మౌలానా. చర్చ నడిపే వ్యక్తి ‘బీసీల వాటా ముస్లింలకా?’ అని పదే పదే అడుగుతున్నాడు. నా పక్కన చాయ్ తాగుతున్న మనిషికి ఆ వీధి మలుపులోనే క్షౌరశాల ఉంది. తాత ముత్తాతల నుంచి హజామ్ కుటుంబం. తెరవైపు వేలు చూపించి ‘సాబ్, ఇందులో నేను ఏ వైపు కూర్చోవాలి?’ అన్నాడు. నవ్వుతూనే అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోలేదు. ఆ చర్చలోనే అతనికి కుర్చీ లేదు.

ఆ అంకెలు ఏమిటో ముందు చూద్దాం. 2024 నవంబరులో మొదలైన సర్వేలో సుమారు 3 కోట్ల 54 లక్షల మంది వివరాలు నమోదయ్యాయి. ముస్లింలు కాని బీసీలు 46.25 శాతం, బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం అని తేలింది. అంటే రాష్ట్రంలోని ముస్లింలలో ప్రతి ఐదుగురిలో నలుగురు తాము వెనుకబడిన కులాల వారమని ఎన్యూమరేటరుకు స్వయంగా చెప్పుకున్నారు. ఒకప్పుడు చేతిలో కాస్త డబ్బు ఆడగానే పేరుకు ముందు షేక్ అనో సయ్యద్ అనో తగిలించుకుని పైమెట్టు ఎక్కాలని చూసిన సమాజం ఇది. అటువంటి చోట ఈ సంఖ్య రావడం చిన్న విషయం కాదు. కాని 46.25కు 10.08 కలిపి 56.33 అని ప్రభుత్వం చెప్పగానే వాదమంతా ఆ కూడిక గుర్తు చుట్టూ తిరగడం మొదలైంది.

భారతీయ జనతా పార్టీ నాయకులు, వారితో గొంతు కలిపిన కొందరు బీసీ మేధావులు చెప్పేదేమంటే, ఇస్లాంలో కులం లేదు కనుక ముస్లింలు బీసీలు కాలేరు. మౌలానాలు చెప్పేది కూడా అదే వాక్యంలో మొదటి సగం. మా దీన్‌లో ఉఁచ్-నీచ్ లేదు, కనుక మమ్మల్ని ముక్కలు చేయకండి అంటారు. తెర మీద ఒకరినొకరు ఖండించుకునే ఈ ఇద్దరూ హజామ్‌ను చెరిపేయడంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నారు.

గ్రంథంలో కులం ఉందా లేదా అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. బస్తీలో ఉందా లేదా అన్నది కళ్లతో చూడవచ్చు. పాతబస్తీలో ముషాతా పెళ్లి పైఘామ్ తెచ్చినప్పుడు అబ్బాయి సౌదీలో ఏం చేస్తున్నాడన్న ప్రశ్నతో పాటే వచ్చే ప్రశ్న ఖాందాన్ ఏమిటని. సయ్యద్‌ల ఇంటి నుంచి ఖురేషీల ఇంటికి పైఘామ్ రావడం ఎంత అరుదో ఇక్కడి వారికి వేరే చెప్పనక్కరలేదు. మా ఇల్లు దీనికి మినహాయింపని నేను చెప్పుకోను. నమాజులో అందరూ ఒకే వరుసలో నిలబడతారన్నది నిజమే. ఆ వరుస దస్తర్‌ఖాన్ దాకా వస్తుంది, నిఖా దాకా రాదు.

ఇక ప్రభుత్వ జాబితాలను తెరిచి చూడండి. మెహతర్ హిందువైతే షెడ్యూల్డ్ కులం, ముస్లిమైతే బీసీ-ఏ. గోసంగి హిందువైతే షెడ్యూల్డ్ కులం, ముస్లిమైతే బీసీ-ఈ. మంగలి బీసీ-ఏ, హజామ్ బీసీ-ఈ. చాకలి బీసీ-ఏ, తురక చాకలి బీసీ-ఈ. ఆరెకటిక బీసీ-డీ, ఖురేషీ బీసీ-ఈ. చేసే పని ఒకటే, ఆ పనికి సమాజం కట్టిన ధర ఒకటే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లిం మెహతర్ చేతిలోని చీపురు మాత్రం ఇంకా మతం అడ్డు దాటలేదు. దీన్ని పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ‘ముస్లింలను బీసీల్లో కలుపుతారా’ అని కోపగించుకునే వారు, వీరిలో కొందరు న్యాయంగా దళితుల వరుసలో ఉండవలసిన వారన్న సంగతిని ఒక్కసారి కూడా ప్రస్తావించరు.

ముస్లింలను ఇప్పుడే కొత్తగా బీసీల్లో చొప్పించారన్న వాదన కూడా నిలవదు. దూదేకులవారు, ముస్లిం మెహతర్లు ఆంధ్రప్రదేశ్ బీసీ జాబితాలో 1970 నుంచీ ఉన్నారు. తరువాతి చరిత్రలో తప్పటడుగులు ఉన్న మాట వాస్తవం. 2004లో ముస్లింలందరికీ కలిపి 5 శాతం ఇవ్వబోతే హైకోర్టు కొట్టేసింది. 2005లో చేసిన రెండో ప్రయత్నానికీ అదే గతి పట్టింది. ఆ తీర్పులను మైనారిటీ వ్యతిరేకమని అప్పట్లో మావాళ్లు చాలామంది తిట్టిపోశారు. నాకు మాత్రం ఆ తీర్పులు మేలే చేశాయనిపిస్తుంది. నవాబు వంశీకుడిని, ఫకీరును ఒకే గంపలో వేసి ఇచ్చే రిజర్వేషన్ ఎవరికి చేరుతుందో ఊహించడం కష్టం కాదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా వచ్చిన చట్టం ఆ గంపను విడదీసింది. అచ్చుకట్టలవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, గారడీవాళ్లు, హజామ్‌లు, ఖురేషీలు, సిద్దీలు లోపల. సయ్యద్‌లు, మొఘల్‌లు, పఠాన్‌లు, ఇరానీలు, అరబ్బులు, బోహ్రాలు, ఖోజాలు, కచ్చీ మెమన్లు బయట. బార్కాస్‌లో అరబ్బు సంతతివారికి ఇవ్వనిది ఏసీ గార్డ్స్‌లో సిద్దీలకు ఇచ్చిన చట్టాన్ని ‘మత రిజర్వేషన్’ అని పిలవడానికి దాన్ని చదవకుండా ఉండాలి.

అయినా 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5-2 మెజారిటీతో ఈ చట్టాన్నీ కొట్టివేసింది. ఆధారంగా చూపిన సర్వే శాస్త్రీయంగా లేదన్నది అందులో ఒక ప్రధాన అభ్యంతరం. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద 4 శాతం కొనసాగుతున్నది.

ఈ 4 శాతం ఎవరి వాటా నుంచి వచ్చింది? ఉమ్మడి రాష్ట్రంలో బీసీ-ఏకు 7, బీకి 10, సీకి 1, డీకి 7, మొత్తం 25 శాతం. బీసీ-ఈ 4 శాతం దాని పైన చేరింది. చదువులో, ఉద్యోగాల్లో యాదవ విద్యార్థి సీటును ఖురేషీ విద్యార్థి తీసుకునే వీలే లేదు.

స్థానిక సంస్థల విషయం వేరు. ఇక్కడ మా వైపు వాదించేవారు తప్పించుకు తిరుగుతున్నారని ఒప్పుకోవాలి. వార్డుల రిజర్వేషన్లో ఏ, బీ, సీ, డీ, ఈ అన్న గడులు లేవు. బీసీ అంటే అంతా ఒకటే. పాతబస్తీలో బీసీ వార్డులు ముస్లింలకే పోతున్నాయన్న వడ్డెర, విశ్వబ్రాహ్మణ, గంగపుత్ర యువకుల ఫిర్యాదును మతోన్మాదమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. కాని నాదొక ఎదురు ప్రశ్న. ఆ వార్డుల్లో గెలిచినవారిలో హజామ్‌లెందరు, ధోబీలెందరు, మెహతర్లెందరు? షేక్ అన్న పేరు చాలా విశాలమైన గొడుగు. దాని కింద ఎవరైనా నిలబడవచ్చు. మజ్లిస్, కాంగ్రెస్, బీఆర్ఎస్ మూడూ తమ బీసీ టికెట్లు ఏ ఏ కులాల ముస్లింలకు ఇచ్చాయో జాబితా ఇవ్వాలి. విద్యలో ఉన్న ఉపవర్గీకరణను వార్డులకూ తేవాలి. అలా చేస్తే గంగపుత్రునికి అతని వాటా ఉంటుంది, హజామ్‌కు అతని వాటా ఉంటుంది. నష్టపోయేది రెండు వైపులా పెద్ద కులాల వారే. బహుశా అందుకే ఆ డిమాండు పెద్దగా వినిపించదు.

ఈ మధ్య వాదనలోకి డీఎన్ఏ కూడా వచ్చింది. ‘వీళ్లు బయటివాళ్లు, వెనుకబాటు ఎక్కడిది’ అని ఒకరంటే, ‘మా పూర్వీకులు అరేబియా నుంచి వచ్చారు’ అని మావాళ్లలోనే మరొకరు మురిసిపోతారు. మన హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2010 నాటి అధ్యయనం ఈ ఇద్దరినీ నిరాశపరుస్తుంది. భారతీయ ముస్లింల జన్యు వారసత్వం ప్రధానంగా స్థానికమే. పశ్చిమాసియా, ఆఫ్రికా జాడలు స్వల్పం. అదే సంస్థ భాగస్వామిగా ఉన్న 2013 నాటి మరో పరిశోధన ప్రకారం, ఈ దేశంలో జన సమూహాలు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు విస్తృతంగా కలిశాయి. ఆ తరువాతే ఎవరి గడి వారు మూసుకున్నారు. విద్యార్థులు వీటిని చదవాలి. అయితే దీన్ని రిజర్వేషన్ వాదనకు ఆయుధంగా వాడవద్దని కూడా అంటాను. వెనుకబాటుతనం రక్తంలో ఉండదు. రేపు ఏదో ఒక పరీక్షలో బార్కాస్ అరబ్బు రక్తం తొంభై శాతం తెలుగు రక్తమని తేలినా అతను హజామ్ కాడు. అతని గడ్డం గీసేవాడే హజామ్.

కావలసిన సాక్ష్యం ప్రయోగశాలలో లేదు, సచివాలయంలో ఉంది. 2025 ఫిబ్రవరి 4న శాసనసభ ముందుకు వచ్చినవి పెద్ద మొత్తాలు. ఆ 10.08 శాతంలో, అంటే సుమారు 35 లక్షల 76 వేల మందిలో, ఫకీర్లెందరు, ధోబీలెందరు, దూదేకులెందరు, వారిలో పదో తరగతి దాటినవారెందరు, సొంత ఇల్లున్నవారెందరు అన్న పట్టికలు కులాల వారీగా అందరి చేతికీ రావాలి. సర్వే శాస్త్రీయంగా లేదని 2010లో న్యాయస్థానం వేసిన ప్రశ్నకు జవాబు అక్కడే దొరకాలి. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం ఇస్తూ ప్రభుత్వం జారీ చేసిన జీవోపై 2025 అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది. అంకెలను పొట్లం కట్టి దాచుకుని జీవోలతో కోర్టు మెట్లెక్కితే ఏమవుతుందో 2004 నుంచీ చూస్తూనే ఉన్నాం.

శాలిబండ క్షౌరశాల యజమాని కూతురు ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఆమె దగ్గర బీసీ-ఈ ధ్రువపత్రం ఉంది. ఆమెకు సీటు ఇచ్చిన చట్టం, ఆమె నడక నేర్చుకునే రోజుల నుంచీ, రాజ్యాంగ ధర్మాసనం ఎదుట విచారణ కోసం ఎదురుచూస్తూనే ఉంది.