తెర వెనుక శ్రమ

కావ్యభేదాలలో నాటకమే మిక్కిలి రమ్యమైనదని మన పూర్వులు నిర్ణయించారు. చదివి ఊహించుకోవలసిన కథను అది కన్నులకు కట్టిస్తుంది. పండితునికీ పామరునికీ సమానంగా ఆనందాన్ని కలిగిస్తుంది. అయితే ప్రదర్శన ముగిసి ఇంటికి మరలే ప్రేక్షకుడు ఎవరిని తలచుకుంటాడు? రాగయుక్తంగా పద్యం పాడిన నటుణ్ణి తలచుకుంటాడు. కంటతడి పెట్టించిన నటిని తలచుకుంటాడు. ఆ నటుని కిరీటాన్ని రూపొందించినవారెవరో, క్షణంలో అడవిని అంతఃపురంగా మార్చినవారెవరో అతనికి తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా కలుగదు. ఈ ఉపేక్ష అన్యాయమే కాదు, నాటకకళకు హానికరం కూడా అని నా అభిప్రాయం.

మన ప్రాచీనులకు ఈ ఉపేక్ష లేదు. భరతముని నాట్యశాస్త్రం చివరి అధ్యాయాలలో నాటక బృందంలోని వారిని వరుసగా పేర్కొన్నాడు. ఆ వరుసలో సూత్రధారుడు, నటుడు, విదూషకుడు మాత్రమే లేరు. కిరీటాలు చేసేవాడు, ఆభరణాలు చేసేవాడు, పూలమాలలు కట్టేవాడు, వేషం వేసేవాడు, చిత్రకారుడు, చివరకు వస్త్రాలను శుభ్రపరచే రజకుడు కూడా ఉన్నారు. అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించినప్పుడు, వేషభూషలకు సంబంధించిన ఆహార్యాన్ని అభినయంలో భాగంగానే గుర్తించాడు. అంటే వేషం వేసే చేయి కూడా అభినయిస్తున్నదనే అర్థం.

ఒక నాటకం రంగస్థలానికి చేరే క్రమాన్ని గమనిస్తే ఈ సత్యం మరింత స్పష్టమవుతుంది. రచయిత రాసిన ప్రతిని దర్శకుడు ముందుగా దృశ్యాలుగా ఊహించుకుంటాడు. పాత్రలకు తగిన వారిని ఎన్నుకుంటాడు. సంభాషణలు కంఠస్థం కావడానికీ, ఎవరు ఎటునుంచి ప్రవేశించి ఎక్కడ నిలవాలో కుదరడానికీ వారాల తరబడి రిహార్సల్సు జరుగుతాయి. అదే సమయంలో రంగాలంకరణ చేసేవారు పరదాలను, సామగ్రిని సిద్ధం చేస్తారు. రంగోద్దీపనం చూసేవారు ఏ దృశ్యానికి ఎంత వెలుగు కావాలో నిర్ణయించుకుంటారు. పద్యనాటకమైతే హార్మోనిస్టు బాధ్యత మరీ పెద్దది. నటుని కంఠానికి తగిన శ్రుతిని అందించాలి, రాగాన్ని అనుసరించాలి, నటుడు తడబడితే ఆ తడబాటు ప్రేక్షకునికి తెలియకుండా కాపాడాలి. ప్రక్క తెర చాటున ప్రాంప్టరు ప్రతి చేతబట్టి నిలిచి, మరచిన మాటను మెల్లగా అందిస్తాడు. వీరిలో ఏ ఒక్కరు ఏమరినా నవ్వులపాలయ్యేది నటుడే.

ఈ సమష్టి ధర్మానికి తెలుగునాట గొప్ప నిదర్శనం సురభి. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో ఒక వివాహ సందర్భంగా వనారస గోవిందరావు ‘కీచకవధ’ నాటకాన్ని ప్రదర్శించడంతో ఈ సంప్రదాయం ఆరంభమైంది. అంతకుముందు తోలుబొమ్మలాడించిన కుటుంబాలు రంగస్థలాన్నే జీవనంగా చేసుకున్నాయి. పురుషులే స్త్రీ పాత్రలు ధరించడం పరిపాటిగా ఉన్న ఆ కాలంలో సురభి స్త్రీలు ధైర్యంగా రంగస్థలం ఎక్కారు. ఇక్కడ నటుడు వేరు, శ్రామికుడు వేరు కాదు. ఒక రంగంలో రాజవేషం ధరించినవాడు మరుసటి రంగంలో ప్రక్కన నిలిచి పరదా తాడు లాగుతాడు. ‘మాయాబజార్’లో పళ్లెంలోని లడ్డూలు తమంతట తామే లేచి ఘటోత్కచుని నోటిలోకి వెళ్తుంటే పిల్లలు కేరింతలు కొడతారు. యుద్ధరంగంలో బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. ఆ మాయ అంతా తీగలను సకాలంలో కదిలించే చేతులది. ఆ చేయి ఒక్క క్షణం ఆలస్యమైతే మహావీరుడైనా నిస్సహాయుడే.

దీనికి భిన్నమైన అనుభవమూ మన రంగస్థల చరిత్రలో ఉంది. పద్యనాటకాలు మంచి ఆదరణ పొందిన రోజులలో కంట్రాక్టరులు పేరొందిన నటులను ఒక్క రాత్రికి సమకూర్చి నాటకాలు వేయించేవారు. కలిసి రిహార్సల్సు చేసే అవకాశం వారికి ఉండేది కాదు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ వంటి నాటకాలలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వచ్చేవారు. వన్స్‌మోర్ కేకల నడుమ పద్యం నిలిచింది గాని పాత్ర నిలువలేదు, కథ నిలువలేదు. గొప్ప గాయకులు ఉన్నంత మాత్రాన గొప్ప నాటకం సిద్ధించదని ఆ కాలం మనకు నేర్పింది.

నటుడు లేకుంటే నాటకమే లేదు కదా, అతనికి అధిక గౌరవం దక్కడంలో తప్పేమిటని కొందరు ప్రశ్నించవచ్చు. నిజమే. ఒంటరి నటుడు చెట్టు నీడన నిలిచి కూడా మనలను కదిలించగలడు. నటుని గౌరవాన్ని తగ్గించమని నేను కోరడం లేదు; తక్కినవారిని ఆ గౌరవంలో భాగస్వాములను చేయమంటున్నాను. గుర్తింపు లేని విద్యను తరువాతి తరం నేర్చుకోదు. చేతితో పరదాలు చిత్రించే విద్యకు నేడు ఆదరణ తగ్గింది. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలలో నేడు వేళ్లమీద లెక్కించదగినవే మిగిలాయి. ఆ కుటుంబాల బిడ్డలు మరో జీవనోపాధి వెతుక్కుంటే వారిని తప్పుపట్టలేము. కాని వారితోపాటు, ఏ గ్రంథంలోనూ లేని నైపుణ్యమెంతో కనుమరుగవుతుంది. నటుని కంఠాన్ని రికార్డు చేసి భద్రపరచుకోవచ్చు. తీగ లాగే చేతి నేర్పు మాత్రం మరొక చేతికి అందితేనే బ్రతుకుతుంది.

దీనిని కాపాడటానికి పెద్ద నిధులు వచ్చేదాకా ఆగనక్కరలేదు. కళాశాల వార్షికోత్సవంలో నాటిక వేసేటప్పుడు ఆహ్వానపత్రంలో పరదా లాగిన విద్యార్థి పేరు కూడా అచ్చు వేయవచ్చు. బహుమతి ప్రదానంలో దీపాలు చూసినవారిని కూడా వేదికపైకి పిలువవచ్చు. నాయక పాత్ర దక్కలేదని చిన్నబుచ్చుకునే మిత్రునికి తెర వెనుక పని తక్కువది కాదని చెప్పవచ్చు. సమాజమూ ఒక రంగస్థలమే. దానిలో వెలుగులో నిలిచేవారు కొందరు, ఆ వెలుగును పట్టి నిలిపేవారు ఎందరో. ఆ ఎందరినో గుర్తించగలిగిన నాడే మనం నాటకాన్ని సంపూర్ణంగా చూసినట్లు.