తిప్పతీగకూ పరీక్ష ఉండాలి: మా ప్రణాళిక

నీట్‌లో ఎంబీబీఎస్ సీటు అందక బీఏఎంఎస్‌లో చేరినవాళ్లు మాలో ఉన్నారు. బోటనీలోనో బయోకెమిస్ట్రీలోనో ఎమ్మెస్సీ చేసి మూలికల పరిశోధనకు వచ్చినవాళ్లూ ఉన్నారు. ఏ దారిన వచ్చినా మాది ఒకే మాట: సంప్రదాయ వైద్యంలో అడుగుపెట్టేవాళ్లు జీవశాస్త్రాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి రాకూడదు. కొవిడ్ రోజుల్లో ఇంటింటా కషాయం కాచుకున్న తిప్పతీగనే చూడండి. అది వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. అది తిప్పతీగ కాదు, దాని దాయాది టినోస్పోరా క్రిస్పా అయి ఉంటుందని ఆయుష్ శాఖ జవాబిచ్చింది. పొరపాటు అసంభవమేమీ కాదు. రెండింటి ఆకులూ హృదయాకారమే. క్రిస్పా కాండం నిండా బొడిపెలుంటాయి గానీ, ఎండబెట్టి పొడి కొట్టాక ఆ తేడా కంటికి ఆనదు; మైక్రోస్కోపు, క్రొమటోగ్రఫీ, డీఎన్‌ఏ పరీక్షే దిక్కు. 2022లో 13 కేంద్రాల నుంచి, అలాగే కాలేయం దెబ్బతిన్న 43 మంది రోగుల వివరాలతో మరో అధ్యయనం వచ్చింది. ఇలాంటి తగాదా తీర్చాలంటే తీగనూ కాలేయాన్నీ రెండింటినీ ఎరిగినవాళ్లు కావాలి. మేము ఎంచుకున్న వృత్తి అదే.

వేల ఏళ్లుగా వాడుతున్నారు, అంతకుమించిన రుజువేమిటని మా వాళ్లే అడుగుతారు. ఈశ్వరి వేరును పాముకాటుకు వాడిన చరిత్రా పాతదే. ఆ జాతి మొక్కల్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది. బెల్జియంలో సన్నబడటానికి మూలికల మందు మింగిన మహిళల వల్ల 1993లో ఆ గుట్టు బయటపడింది. క్యాన్సర్ సంగతి ఆ వెనక తేలింది. మందు మింగిన పూట వచ్చే వాంతిని ఏ తరమైనా పసిగడుతుంది. ఏళ్ల తరవాత చెడిపోయే మూత్రపిండాన్ని ఆ వేరుతో ముడిపెట్టాలంటే రికార్డులుండాలి, లెక్కలుండాలి. అనుభవానికి అందేది ఒక మేరకే.

ఇంకో ఆక్షేపణకు బలముంది. ఆయుర్వేదంలో మనిషి ప్రకృతిని బట్టి మందు మారుతుంది. అందరికీ ఒకే మాత్ర ఇచ్చి చూసే పరీక్ష దీనికి నప్పదంటారు. నప్పేలా మలచవచ్చు. కోయంబత్తూరులో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ రోగులు 43 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు ఆయుర్వేదం, ఒక జట్టుకు అల్లోపతి మందు మెథోట్రెక్సేట్, మరో జట్టుకు రెండూ ఇచ్చి చూశారు. వైద్యుడు ఎవరి మందు వాళ్లకే రాశాడు. అసలు మందు ఎవరికి, ఉత్తుత్తి మందు ఎవరికన్నది దాచారు. 2011లో వచ్చిన ఫలితాల్లో మూడు జట్లకూ పెద్ద తేడా లేదు. (మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు, తరవాత అమెరికాలో నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చిందే ఆ మెథోట్రెక్సేట్.) ఇంత కొద్దిమందితో రెండూ సమానమని తీర్మానించలేం. పరీక్షే కుదరదనే వాదం మాత్రం ఇక చెల్లదు.

ఇదంతా మూఢనమ్మకం, సైన్సు చదివి ఇందులో బతుకు పారేసుకోవడమెందుకని అటువైపువాళ్లు అడుగుతారు. చైనా శాస్త్రవేత్త తు యూయూ నాలుగో శతాబ్దపు గ్రంథంలో ఒక మొక్కను నీళ్లలో నానబెట్టి పిండమన్న సూచన చూసి, వేడి తగ్గించి ఈథర్‌తో సారం తీశారు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ అలా దొరికింది; 2015లో నోబెల్ వచ్చింది. గ్రంథం ఆచూకీ ఇచ్చింది, రుజువు ప్రయోగశాలలో, రోగుల్లో దొరికింది. మేమూ గ్రంథాలను అలాగే చదువుతాం. ఆయుష్ గొడుగు కింద ఉన్నవాటన్నిటికీ వకాల్తా పుచ్చుకోం: 30సి దాకా పలచన చేసిన హోమియో ద్రావణంలో అసలు పదార్థపు అణువు మిగిలే అవకాశమే లేదని రసాయనశాస్త్రం చెబుతుంటే, కాదనడానికి మా దగ్గర ఆధారం లేదు.

మేము రాసే చీటీలో మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం ఉంటాయి. సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఎంతున్నాయో పరీక్ష కాగితం చూపని కంపెనీ మందు రాయం. రోగి వాడుతున్న ఇన్సులిన్ ఆపమనం. మధుమేహం మాన్పుతామనే ప్రకటన, ఔషధ ప్రకటనలపై 1954లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. అలాంటి ప్రకటనల్లో మా పేరూ ఫొటో ఉండవు. దుష్ఫలితం కనిపిస్తే, మేమిచ్చిన మందు వల్లనైనా సరే, ఫార్మకోవిజిలెన్స్ కేంద్రానికి తెలుపుతాం. ప్రభుత్వాన్ని మేము అడిగేది ఔషధ పరీక్ష ల్యాబుల్లో బోటనిస్టుల, ఫార్మకాగ్నసీ నిపుణుల పోస్టులు. అవి లేనంతకాలం బీఏఎంఎస్ ముగించినవాళ్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీకి కుదిరి, అల్లోపతి చార్టులు నింపుతూనే ఉంటారు.