అరిసెల వాక్యంలో కర్త ఎవరు?

సంక్రాంతి సమీపిస్తే చాలు, అరిసెను గూర్చిన విలాపాలు మొదలవుతాయి. "ఆ రోజుల్లో మా ఇంట అరిసెలు వండేవారు. ఈనాటి ఆడవారు కొనుక్కొచ్చి పళ్ళెంలో పెడుతున్నారు. సంప్రదాయం అంతరించిపోతోంది." సారాంశం ఇంతే. వ్రాసేవారు ఎక్కువగా పురుషులే. చిరకాలం పిల్లలకు వ్యాకరణం చెప్పినదానిని కనుక ఒక్క ప్రశ్న అడుగుతాను. "వండేవారు" అన్నారే, ఆ కర్త ఎవరు?

కర్త కనబడకపోయినా క్రియ మాత్రం చాలా పెద్దది. కొత్తబియ్యం ముందురోజే నానబోయాలి. మర్నాడు నీరు ఓడ్చి, తడి ఆరకముందే పిండి కొట్టి జల్లించాలి. బెల్లం నీటిలో వేస్తే ఉండకట్టేదాకా పాకం పట్టాలి. పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఉండలు కట్టకుండా తిప్పాలి. ఆపైన నువ్వులద్ది తట్టడం, వేయించడం, చెక్కలతో నొక్కి నూనె పిండడం. రోటిపని గిర్నీ తీసుకున్నది గాని, మిగిలినదంతా నేటికీ మోచేతులదే.

ఉమ్మడి కుటుంబంలో ఈ పనిని నలుగురు స్త్రీలు పంచుకునేవారు. నేడు బాగ్ లింగంపల్లి అపార్టుమెంటులో ఉన్నది ఒక్కతే. ఆమె ఉద్యోగం కూడా చేస్తుంది. పంచుకునే చేతులు పోయినా, పని మాత్రం ఆమె పేరనే ఉండాలట! చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. తినేవాడికి చేసేవారు అంతకన్నా లోకువ.

"కొన్న అరిసెలో ఆత్మ ఉండదు" అంటారు కొందరు. చిక్కడపల్లిలో అమ్మే అరిసె కూడా ఎవరో ఒకరు పాకం చూసి తట్టినదే కదా! భేదమల్లా ఆ చేతికి కూలి ముట్టడమే. ఉద్యోగ పరీక్షలకు చదువుతూ, పండుగకు ఊరు వెళ్ళలేక అశోక్ నగర్ వసతిగృహాలలో మిగిలిపోయిన పిల్లలకు ఆ కొన్న అరిసే సంక్రాంతి. వారి పండుగ తక్కువదని ఎవరనగలరు?

అమ్మితే సంప్రదాయం చస్తుందన్నది వట్టి మాట. పూతరేకులను ఆత్రేయపురం స్త్రీలు అమ్మకానికే చేస్తారు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. దూరదేశపు సాక్ష్యం కావాలంటే అదీ ఉంది. 1878 నుండి చెరకుతోటల పనికి హవాయి దీవులకు వెళ్ళిన పోర్చుగీసువారు మలసాద అనే పిండివంటను వెంట తీసుకువెళ్ళారు. మైదాలో గుడ్లూ వెన్నా కలిపి, పులియబెట్టి, నూనెలో వేయించి, పంచదారలో దొర్లిస్తారు. ఈస్టరుకు ముందరి ఉపవాసదినాలు మొదలయ్యేలోగా ఇంట్లోని వెన్న, పంచదార చెల్లిపోవాలని దానిని వండుకునేవారు. హొనొలులులో 1952లో మొదలైన లెనార్డ్స్ బేకరీ వంటివి దానిని అంగడికి ఎక్కించాయి. అందువల్ల అది నశించలేదు సరికదా, పోర్చుగీసువారిది కాస్తా హవాయి వారందరిదీ అయింది.

ఇంటి అరిసె రుచిని నేను కాదనను. అది కావాలనేవారికి మార్గం మూసుకుపోలేదు. పిండి జల్లించండి, తెడ్డు పట్టండి, చెక్కలు నొక్కండి. పై సంక్రాంతికి "మేము అరిసెలు వండాము" అని ఉత్తమపురుషలో వ్రాయండి. ఆ టపాకు తొలి వ్యాఖ్య నాదే.