దూరినంత మాత్రమున అమరినట్లు కాదు

దశరథుని రథమునకు ఇరుసుశీల ఊడినపుడు కైకేయి తన వ్రేలినే శీలగా నిలిపెనని పౌరాణికులు చెప్పగా వినియున్నాము. వాహనమునందలి చిన్న మర సంగతి స్త్రీలకేల యని యడుగువారికి ఆ కథయే చాలిన సమాధానము. పైగా ఇంటి మోటారు సైకిలుపై వెనుక కూర్చుండువారము మనము. మన యొడిలో నుండునది పసిబిడ్డ. కావున పాతబండికి బ్రేకు గొట్టము మార్చునపుడు తగిన బోల్టును గుర్తించు విధమును ఈ మాసమున వ్రాయుచున్నాము.

పాతబండ్లు పెక్కింటికి బ్రేకును లాగునది ఇనుపతీగె. వానికి ఈ చిక్కు లేదు. ముందుచక్రమున పళ్లెము వంటి డిస్కు గల బండ్లలో ఆ పనిని నూనె చేయును. 1969 లో జపాను దేశపు హోండా సంస్థ తన సీబీ 750 బండికి ఇట్టి బ్రేకు నమర్చిన పిదప ఈ పద్ధతి బాగుగా వ్యాపించెను. మన దేశమున 1999 లో వచ్చిన హీరో హోండా సీబీజెడ్ వంటి డిస్కు బండ్లు ఇప్పుడు పాతవైనవి. పిడిని నొక్కగనే నూనె యొత్తిడి గొట్టముద్వారా చక్రముకడకు చేరి, డిస్కును ఇరువైపుల నుండి బిగించును. ఆ గొట్టము రబ్బరుది గనుక ఏండ్లు గడచినకొలది బీటలు వారును, మార్చక తప్పదు.

గొట్టపు కొనను ఉంగరము వంటి కన్ను ఉండును. ఆ కంటిగుండ దూరి బిగియు బోల్టు లోపల బోలుగా నుండి, ప్రక్కను రంధ్రము కలిగియుండును. నూనె ఆ దారిని పోవును. దీనిని మెకానిక్కులు బాంజో బోల్టు అందురు. చిక్కంతయు దీని మరచుట్లలోనే యున్నది.

చూపునకు ఒక్కటిగానే కనుపట్టు బోల్టులు ముఖ్యముగా మూడు. జపాను బండ్లలో తరచుగా నుండునది 10 మిల్లీమీటర్ల లావును, చుట్టునకు చుట్టునకు 1.25 మిల్లీమీటరు ఎడమును గలది. ఇటలీ దేశపు బ్రెంబో వారి బ్రేకులలో సాధారణముగా లావు అంతియే గాని ఎడము 1 మిల్లీమీటరు. ఇంగ్లండు, అమెరికా దేశముల పాతబండ్లలో పెక్కింట అంగుళపు కొలత నడచును: లావు అంగుళమున ఎనిమిదింట మూడువంతులు, అనగా సుమారు 9.5 మిల్లీమీటర్లు, అంగుళమునకు 24 చుట్లు, అనగా ఎడము సుమారు 1.06 మిల్లీమీటరు.

1.25 ఎడము గల బోల్టును 1 ఎడము గల రంధ్రమున త్రిప్పినచో కొలది చుట్లలోనే బిగుసుకొనును. బలవంతపెట్టినచో రంధ్రపు మరలు చెడును. అంతకంటె మోసకరమైనది అంగుళపు బోల్టు. అది 10 మిల్లీమీటర్ల సన్నమరల రంధ్రమున సుళువుగా దూరును. దూరినదిగదా యని సంతోషింతుము. కాని లావు దాదాపు అరమిల్లీమీటరు తక్కువగుటచే చుట్ల కొనలు మాత్రమే తగిలియుండును. వదులు గాజు చేతికి సులభముగా దూరును. అంత సులభముగానే జారిపోవును. బండి నిలిచియున్నపుడు లోపము కనబడకపోవచ్చును. ఎదుట బస్సు ఆగినపుడు గట్టిగా బ్రేకు పట్టవలసివచ్చిన క్షణమున ఆ యొత్తిడికి బోల్టు ఊడివచ్చినచో ఇక చెప్పునదేమున్నది?

కావున విప్పిన బోల్టును పారవేయనీయరాదు. దానిని కొలబద్దకు ఆనించి పది ఎడముల పొడవు చూడవలయును. 12.5 మిల్లీమీటర్లు వచ్చినచో మొదటి రకము; సరిగా 10 వచ్చినచో రెండవది; పదిన్నరకు కొంచెము మించినచో అంగుళపుది. పిమ్మట లావు కొలిపింపవలయును. దువ్వెన పండ్ల వంటి రేకులు గల మరకొలతల పనిముట్టు మంచి దుకాణములలో నుండును. దానితో చూచిన సందేహము తీరును. క్రొత్త బోల్టును రెంచి తగిలింపక వ్రేళ్లతోనే త్రిప్పి చూడవలయును. చివరివరకు నునుపుగా పోవలయును. సగము దూరినపుడు కదిపిన ఊగులాడరాదు. పొడవును పాతదానితో సరిచూడవలయును. మిక్కిలి పొడవైనది రంధ్రపు అడుగున తగిలి కంటిని బిగింపదు. కంటికి ఇరువైపుల నుంచు రాగి వాషర్లు ప్రతిమారును క్రొత్తవి కావలయును.

మరియొక జాగ్రత్త. పలు చేతులు మారిన బండికి పైభాగము ఒక బండిది, క్రిందిభాగము వేరొక బండిది తగిలించియుండవచ్చును. అప్పుడు పై బోల్టు ఒక రకము, క్రింది బోల్టు ఇంకొక రకమై యుండును. కనుక రెండు చివరలను వేరువేరుగ కొలువవలయును. పాతబోల్టే తప్పుదై యుండుటయు కలదు; అది రంధ్రమున ఊగులాడినచో దానిని ప్రమాణముగ గొనరాదు.

బ్రేకు నూనె డబ్బా మూతపై ఏ రకమని వ్రాసియున్నదో అదియే పోయింపవలయును. ఆ నూనె రంగును తినును గనుక చిందినచోట వెంటనే నీళ్లతో కడుగవలయును. గొట్టములో గాలి మిగిలినచో పిడి దూదివలె మెత్తగా దిగును. పని ముగిసినపిదప బోల్టు చుట్టును పొడిగుడ్డతో తుడిచి, పిడిని గట్టిగా నొక్కి ఒక నిమిషము పట్టియుండవలయును. పిడి క్రుంగినను, గుడ్డకు తడి తగిలినను బండిని ఇల్లు కదలనీయరాదు.

“ఇదే సరిపోవునమ్మా” యని దుకాణమువాడు చెప్పినపుడు, “కొలిచి చూపుము నాయనా” యని యడుగుటకు మనము సంకోచింప బనిలేదు. పనియందు నెమ్మి గలవాడు అందుకు నొచ్చుకొనడు. వెలకు చిన్నదియైన ఆ బోల్టుపైననే బిడ్డతోకూడ మనము కూర్చుండు బండి ఆగుట ఆధారపడియున్నది.