చెరువు గర్భమున వెలసిన నగరము

చెన్నపురిలో పెండ్లిపట్టుచీరలు కొనవలయునన్న మన తెలుగు కుటుంబములవారికి మొదట స్ఫురించునది త్యాగరాయనగరము. ఆ అంగళ్ల సందడిలో తిరుగునప్పుడు, ఆ చోట ఒకప్పుడు చెరువుండెనని సోదరీమణులలో ఎందరెరుగుదురో!

నుంగంబాకము మొదలు సైదాపేట దిక్కునకు సాగియుండిన ఆ జలాశయమును పొడుగుచెరువనిరి. పట్నమున జనము పెరిగి యిండ్లు చాలకపోగా, 1920 లో పట్టణనిర్మాణ చట్టము పుట్టినది. 1923 లో చెరువుగట్టు తెగగొట్టి, నీరు విడిచి, మాంబళమున స్థలములు విభజింప నారంభించిరి. అప్పుడు చెన్నరాష్ట్రపు మంత్రులకు పెద్దగా నుండినవారు కాళహస్తిలో జన్మించిన పానగల్లు రాజావారు. 1925 లో స్వర్గస్థులైన పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేర నగరము వెలసెను. ఇరువురును తెలుగువారే.

నడుమ ఒక ఉద్యానము. దానిని చేరునట్లు వెడల్పైన వీధులు. ఇరుకుసందులలో కాపురము చేసిన యిల్లాండ్రకు గాలి, వెలుతురు, పెరటిలో నాలుగు పూలమొక్కలకు చోటు లభించుట యెంత భాగ్యమో మేము వేరుగ చెప్పనక్కరలేదు. ఉస్మాన్ రోడ్డు, వెంకటనారాయణ రోడ్డు, జి.ఎన్. చెట్టి రోడ్డు అని వీధులకు నాటి ప్రముఖుల పేర్లుంచిరి. మేమెరిగిన పెద్దవీధులలో స్త్రీ పేరొక్కటియు కానరాదు. ఇండ్లు నిలిపినవారు మాత్రము స్త్రీలే!

1928 లోనే నల్లివారి పట్టుచీరల అంగడి అచ్చట వెలసినది. క్రమముగా తోటలున్న యిండ్లు పోయి, బహుళ అంతస్తుల దుకాణములు లేచినవి. కాపురములకై కట్టిన పేట బజారాయెను. దీనికి చీరలు కొన్న మనమును కొంత కారకులమే.

గట్టు తెంచిన పెద్దలను మేము నిందింపము. నిలువనీడ లేనివారికి నేల కావలసియుండెను. అయితే నీరు చేరుచోటున ఇండ్లు కట్టినవారు, నీరు పోవు దారులను గూడ కాపాడవలసియుండెను. పడమటి మాంబళమున లేక్ వ్యూ రోడ్డు నేటికిని గలదు. అచ్చట నిలిచి చూచిన చెరువు కానరాదు. 2015 డిసెంబరు వరదలలో ఆ మాంబళపు ఇండ్లలోనికి నీరు వచ్చెను. 2021 నవంబరులో ఒక్కరాత్రి కురిసిన వానకు త్యాగరాయనగరపు వీధులు మరల చెరువులాయెను. మోటారు పంపులతో నీటిని తోడించవలసి వచ్చెను.