బేగంపేట శిక్షణ చరిత్ర గ్రంథాలయాలకు చేరేదెప్పుడు?

మెట్టుగూడ: రెండో ప్రపంచ యుద్ధకాలంలో బేగంపేటలో ఒకటో ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల నడిచింది. టైగర్‌ మాత్‌ విమానాలపై తొలి పాఠాలు నేర్చిన యువకులు పైశిక్షణకు అంబాలా వెళ్లేవారు. ఏడో నిజాం విరాళాలకు గుర్తుగా బ్రిటన్‌ వైమానిక దళంలోని 110, 152 స్క్వాడ్రన్లకు ‘హైదరాబాద్‌’ పేరు దక్కింది. ఇక్కడ విమానాలు బాగుచేసిన మెకానిక్కులకు ఆపాటి గుర్తింపూ లేదు.

నాటి నిజాం స్టేట్‌ రైల్వేకు విమాన విభాగమూ ఉండేది. కనుక రైల్వే కుటుంబాలు తరాలుగా ఉంటున్న మెట్టుగూడ, లాలాగూడ ఇళ్లలోని పాత ట్రంకుపెట్టెల్లో ఫొటోలు, సర్వీసు కాగితాలు ఉండవచ్చు. వాటిని సేకరించి ప్రదర్శించడం స్థానిక గ్రంథాలయాలకు తలకు మించిన భారమేమీ కాదు. పత్రికలు చదివే గదిలో ఒక గోడ, ఒక అద్దాల బీరువా చాలు. నాటి శిక్షణార్థులు జీవించి ఉంటే ఇప్పుడు వందేళ్ల వయసువారు. అడిగి రాసుకోవాలంటే ఇక వారి పిల్లలే ఆధారం; వారూ వృద్ధులే.