వెబ్‌సైటుల యెడ అశ్రద్ధ

వెబ్‌సైటు ప్రారంభోత్సవము నేడు మన సంస్థల కొక పండుగయైనది. అధ్యక్షులు మీట నొక్కుదురు. కార్యదర్శి వందనము లర్పించును. గుత్తేదారు సొమ్ము పుచ్చుకొని వెడలిపోవును. మరునాటినుండి దానిని కాపాడు భార మెవరిదని యడుగువారు లేరు. ఈ యశ్రద్ధవలన నష్టపడువారు వేదికమీద కూర్చున్నవారు కారు. తమ పేరును, ఫోను నంబరును, పాస్‌వర్డును నమ్మి యొప్పగించిన సామాన్యజనులు. కావుననే మేము నిష్ఠురమునకు వెనుదీయక వ్రాయుచున్నాము.

నేటి వెబ్‌సైటులలో పెక్కింటిని మొదటినుండి వేరువేరుగ నిర్మించుట లేదు. వ్రాతలను, బొమ్మలను చేర్చి ప్రకటించుటకు వర్డ్‌ప్రెస్, డ్రూపల్, జూమ్లా అను సాఫ్ట్‌వేరులు సిద్ధముగ, వెల లేకుండ లభించుచున్నవి. ప్రపంచమందలి సైటులలో నూటికి 40కి పైగా వర్డ్‌ప్రెస్ మీదనే నడచుచున్నవి. ఇది లక్షల యిండ్లకు ఒకే తీరు తాళము వేయుట వంటిది. ఆ తాళములో లోపము బయటపడినచో అన్ని యిండ్లకును ఒక్కనాడే ప్రమాదము.

2014 అక్టోబరు 15వ తేదీన డ్రూపల్ భద్రతా బృందమువారు 7వ డ్రూపల్‌లో ఘోరమైన లోపము నొకదానిని ప్రకటించి, దానిని సవరించిన 7.32 కూర్పును అప్పుడే విడుదల చేసిరి. డేటాబేసునకు దొంగ ఆజ్ఞలు చేరకుండ కాపాడుటకై యేర్పడిన భాగమునందే యా లోప ముండెను. లాగిన్ కాని యపరిచితుడైనను దానిగుండ జొరబడి సైటుపై సర్వాధికారము పొందగలిగెను. సవరణ ఒక్క పంక్తి మాత్రమే! అక్టోబరు 29న ఆ బృందమువారు మరల హెచ్చరించిరి: ప్రకటన వెలువడిన 7 గంటలలోపల సవరించుకొనని ప్రతి సైటును పరులపాలైనదిగనే భావింపవలయునని. మన గడియారము ప్రకార మా 7 గంటలు రాత్రి 9.30 మొదలు తెల్లవారుజామున 4.30 వరకు. మన కార్యాలయములు తాళము పడియుండు వేళ! ఉదయము పది గంటలకు వచ్చి అప్‌డేటు చేసినవాడును ఆలస్యమైనవాడే. అంతే కాదు. తాము ప్రవేశించిన పిమ్మట ఇతరులు రాకుండ ఆ లోపమును తామే పూడ్చు చొరబాటుదారులును కలరు. దొంగ బాగుచేసిన తలుపును చూచి ఇంటివాడు సంతోషించుట యెంత హాస్యాస్పదము!

సవరణ వెలువడిన క్షణముననే పరుగు ప్రారంభమగును. పాత కూర్పును క్రొత్తదానితో పోల్చి చూచినవానికి లోప మెచ్చట నున్నదో తెలియును. కావున “తీరికగ చూతము” అనుట దొంగకు గడు విచ్చుటయే.

“మా సైటులో దోచుకొనుట కేమున్నది?” అని చిన్న సంస్థలవా రడుగుదురు. వెదకునది యంత్రము, దానికి పెద్దచిన్నల భేదము లేదు. చిన్న సైటునుండియు వేలకొలది మోసపు లేఖలు పంపవచ్చును. చదువరులను మాయపుటలకు మరల్పవచ్చును. “అప్‌డేటు చేసినచో సైటు చెడును” అనువారి మాటలో కొంత సత్యము కలదు. అందులకు మందు బ్యాకప్ దాచుకొని, ముందుగ నకలుపై పరీక్షించుట, ఊరకుండుట కాదు.

“ఉచితపు సరకు గనుకనే యిట్లు” అనువారిని మే మడుగుచున్నాము: లోపమును దాచక చాటి, సవరణను ఊరకనే యిచ్చినవారిది తప్పా? పుచ్చుకొననివారిది తప్పా? 2013లో వెలువడిన 3.7వ కూర్పునుండి వర్డ్‌ప్రెస్ చిన్న సవరణలను తనంతట తానే వేసికొనుచున్నది. 2017 జనవరి 26న 4.7.2 కూర్పుతో ఒక పెద్ద లోపమును పూడ్చి, అప్‌డేటులు చేరుటకు వ్యవధి యిచ్చి, ఫిబ్రవరి 1న గాని దాని సంగతి వెల్లడింపలేదు. అయినను అప్‌డేటు కాని సైటులలో లక్షలకొలది పుటలు పాడైనవి. ఇంతకంటె తయారుచేసినవారు చేయవలసిన దేమి?

2022 ఏప్రిల్ 28నాటి సర్ట్-ఇన్ ఆదేశముల ప్రకారము, సైటులో చొరబాటు గమనించిన 6 గంటలలో దానిని తెలుపవలయును. చూచువాడే లేనిచోట గమనించు టెట్లు?

మేము కోరునవి స్వల్పములు. ప్రారంభమునాడే సంరక్షకుని పేరు ప్రకటింపుడు. నిర్మాణపు వ్యయముతోపాటు ఏటేట సంరక్షణకును సొమ్ము కేటాయింపుడు. వాడని ప్లగిన్లను తొలగింపుడు. 7వ డ్రూపల్‌నకు దాని నిర్మాతల సంరక్షణ 2025 జనవరి 5తో ముగిసినది. ఇంకను దానిపై నడచు సైటులను వెంటనే మార్పుడు. ఇంతమాత్రము చేయలేని సంస్థ సైటును మూసివేయుటయే మేలు. చెరువు త్రవ్వించుట పుణ్యమే. కాని కట్టకు గండి పడుచుండగా చూచుచు ఊరకుండినవానికి దిగువ పొలములు మునిగిన పాపమే దక్కును.